బడికి వెళ్ళబోయే పాపకు కథల పుస్తకం: వినడానికొకటి, చదవడానికొకటి

అమ్మా, మీ పాపకు ఐదున్నరేళ్ళు నిండాయనీ, జూన్‌లో తిరుపతిలోనే ఒకటో తరగతిలో చేరబోతోందనీ, కథల పుస్తకాలు కొందామని అంగడికి వెళ్ళి ఏది మంచిదో తేల్చుకోలేక పది పుస్తకాల సెట్టు ఒకటి తెచ్చారనీ, పాప రెండు రోజులు బొమ్మలు తిరగేసి దాన్ని పక్కన పెట్టేసిందనీ రాశారు. దానితో పాటు మూడు సందేహాలు అడిగారు. తెలుగు పుస్తకాలు కొనాలా, ఇంగ్లీషువా? మీ అత్తగారు అంటున్నట్టు రామాయణ భారతాలతోనే మొదలుపెట్టాలా? పాప తనంతట తాను ఎప్పటికి చదవగలుగుతుంది? నేను ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుత్తూరు, చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో 31 సంవత్సరాలు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఒకటి, రెండు తరగతులకే చెప్పాను. ఆ అనుభవంతో నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తాను.

ముందుగా ఆ సెట్టు సంగతి. పాప దాన్ని పక్కన పెట్టిందంటే అందులో పాప తప్పు లేదు, మీ తప్పూ లేదు. ఈ వయసు పిల్లలకు పుస్తకాలు కొనేటప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకే పొరపాటు జరుగుతుంది. పెద్దవాళ్ళు చదివి వినిపించవలసిన పుస్తకాన్ని పిల్ల చేతికిచ్చి చదవమంటారు. పిల్ల తనంతట తాను కూడబలుక్కుని చదువుకోవలసిన పుస్తకాన్నేమో ‘ఇందులో నాలుగు మాటలే ఉన్నాయి, దీనికి ఇంత ధరా’ అని అంగట్లోనే వదిలేసి వస్తారు. ఐదారేళ్ళ పిల్ల చెవితో విని అర్థం చేసుకోగలిగే కథ చాలా పెద్దది, కంటితో చదవగలిగే కథ చాలా చిన్నది. ఈ రెండింటి మధ్య దూరం ఒకటో తరగతిలో ఉన్నంతగా మరే తరగతిలోనూ ఉండదు. అందువల్ల మీరు వెతకవలసినవి రెండు రకాల పుస్తకాలు: ఒకటి వినే పుస్తకం, రెండోది చదివే పుస్తకం. వాటిని వేరువేరు కొలతలతో ఎంచుకోవాలి, ఇంట్లో కూడా వేరువేరుగానే వాడాలి.

ఈ తేడాను నాకు ఒక పిల్లవాడు నేర్పాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఏనుగు కథ చదివి వినిపిస్తే అది వాడికి ఎంతో నచ్చి, ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోతానని అడిగాడు. మరునాడు తిరిగి తెచ్చినప్పుడు, చదివాడో లేదో చూద్దామనుకుని, మొదటి పేజీ తెరిచి ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టించి చదివించాను. రెండో పంక్తిలో ఒక ఒత్తు దగ్గర ఆగిపోయాడు. అందరి ముందూ అదే మాట మూడుసార్లు చెప్పించాను. ఆ తరువాత ఆ ఏడాదంతా వాడు పుస్తకాల పెట్టె దగ్గరికి రాలేదు. ముందురోజు రాత్రి వాడు ఆ బొమ్మలు చూపిస్తూ కథంతా తన చెల్లెలికి చెప్పాడని చాలా రోజులకు వాళ్ళమ్మ చెబితే తెలిసింది. వాడు చేయవలసిన పని చక్కగా చేశాడు. ఆ పుస్తకానికి చెందని పరీక్ష నేను పెట్టాను. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు, అందుకే ఈ విషయం అడిగిన ప్రతి తల్లికీ ముందుగా ఇదే చెబుతాను.

ఇక వినే పుస్తకం ఎలా ఉండాలో చూద్దాం. దీనికి మొదటి పరీక్ష మీ నోరే. అంగట్లో నిలబడి రెండు పేజీలు మెల్లగా, పెదవులు కదిలేలా చదవండి. నాలుక ఎక్కడా తట్టుకోకుండా, మీరు ఇంట్లో మాట్లాడే తెలుగుకు దగ్గరగా మాటలు సాగిపోతే ఆ పుస్తకాన్ని చేతిలో ఉంచుకోండి. ‘కుందేలు చాలా సంతోషంగా భావించింది’ అని రాసి ఉంటే తిరిగి అరలో పెట్టేయండి. మన ఇళ్ళలో ఎవరూ అలా అనరు. కుందేలుకు సంతోషం వేస్తుంది, లేదా కుందేలు సంబరపడిపోతుంది. పిల్లల పుస్తకాల్లో పెద్ద భాగం అనువాదాలే. అనువాదం కావడం లోపం కాదు, నేను బడిలో చదివి వినిపించిన మంచి పుస్తకాల్లో చాలావరకు ఇతర భాషల నుంచి వచ్చినవే. కాని కథలోని పిల్లలు, జంతువులు మాట్లాడే మాట తెలుగు మాటగా వినిపించాలి. దీనికి ఎదురు చివర ఇంకో రకం ఉంది: ‘ఒకానొక గ్రామమున ఒక వృద్ధుడు నివసించుచుండెను’ అని మొదలయ్యేవి. వాటి భాషలో అందం ఉంది, ఆ అందం పిల్లలకు తొమ్మిదో ఏటో పదో ఏటో అందుతుంది. ఇప్పుడు చదివితే ప్రతి వాక్యానికీ మీరు అర్థం చెప్పవలసి వస్తుంది, అర్థాల మధ్య కథ ఆగిపోతుంది.

రెండో గుణం తిరిగి తిరిగి వచ్చే మాట. మనందరం చిన్నప్పుడు విన్న ఏడు చేపల కథను గుర్తు చేసుకోండి. రాజుగారి కొడుకులు తెచ్చిన చేపల్లో ఒకటి ఎండలేదు. ఎందుకు ఎండలేదని చేపను అడిగితే గడ్డిమేటు పేరు చెబుతుంది, గడ్డిమేటును అడిగితే ఆవు పేరు, అలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ పోయి చివరకు చీమ దగ్గర తేలుతుంది. ఆ కథ మూడోసారి చెప్పేటప్పటికి ప్రశ్న మీరు వేస్తే జవాబు పిల్లలే చెబుతారు. ముందు ఏం రాబోతోందో తెలిసిపోవడం పెద్దలకు విసుగు కలిగించవచ్చు, ఐదేళ్ళ పిల్లకు మాత్రం అదే బలం. తరువాతి మాట తనకు తెలుసు కాబట్టి, పేజీ మీద ఆ మాట ఎక్కడ ఉందో కంటితో వెతుక్కుంటుంది. చదవడం అనే పని అక్కడ మొదలవుతుంది. అందువల్ల ఒక ప్రశ్నో, ఒక పిలుపో, ఒక చప్పుడో ప్రతి రెండు పేజీలకూ తిరిగి వచ్చే కథ కనిపిస్తే వదలకండి. పాత్రలు మూడు నాలుగుకు మించకుండా, ఒక పాత్ర ఏదో ఒకటి కావాలనుకుని దాని కోసం తిరిగే కథయితే ఇంకా మంచిది. ఒక్కసారి కూర్చుంటే పది, పదిహేను నిమిషాల్లో పూర్తయ్యే నిడివి చాలు.

బొమ్మల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చదవడం రాని పిల్ల చదివేది బొమ్మనే. మీరు శ్రీకాళహస్తి కలంకారీ పెద్ద గుడ్డలు చూసే ఉంటారు. రామాయణ ఘట్టాలను వరుసలుగా, గళ్ళు గళ్ళుగా గీసి, బొమ్మల వెంట తెలుగులో నాలుగు మాటలు రాసి ఉంటారు. అక్షరం రానివాళ్ళు కూడా ఆ గుడ్డ ముందు నిలబడి, ఒక గడిలోంచి ఇంకో గడిలోకి కన్ను జరుపుకుంటూ కథ మొత్తం పోల్చుకుంటారు. పిల్లల పుస్తకంలో బొమ్మ చేయవలసిన పని సరిగ్గా అదే. మాటలను చేత్తో మూసి బొమ్మలు మాత్రమే మొదటి నుంచి చివరి దాకా తిప్పి చూడండి. ఏం జరిగిందో సుమారుగా తెలిస్తే అది మంచి పుస్తకం. ‘కోతి చెట్టెక్కింది’ అన్న వాక్యం పక్కన చెట్టెక్కిన కోతి తప్ప ఇంకేమీ లేని బొమ్మ పిల్లను రెండోసారి పిలవదు. కొమ్మ చివర ఒక కాయ, కింద దాన్నే చూస్తున్న ఉడుత, గోడ వెనక తొంగి చూసే పిల్లవాడు, ఇలా కథలో చెప్పని సంగతి ఏదైనా ఉంటే పిల్ల ప్రతిసారీ కొత్తది కనిపెడుతుంది. మీ ప్రశ్నలో రాసినదాన్ని బట్టి మీరు తెచ్చిన సెట్టులోని పది పుస్తకాల్లోనూ ఒకే రకమైన మెరిసే కంప్యూటరు బొమ్మలు, ఒకే ముఖాలు ఉన్నాయి. పాప రెండు రోజుల్లో వదిలేయడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

బొమ్మల్లో ఎవరున్నారన్నది కూడా చూడండి. మంచు కప్పిన ఇళ్ళు, పొగగొట్టాలు ఉన్న పుస్తకం ఒకటో రెండో ఉండవచ్చు, కొత్త లోకం చూడటం పిల్లలకు ఇష్టమే. కాని కొన్నవన్నీ అలాంటివే అయితే పుస్తకమంటే తనకు సంబంధం లేని వస్తువని పిల్ల అనుకుంటుంది. మే నెలలో గంగమ్మ జాతరలో వేషాలు చూసి వచ్చిన పిల్లకు, వేషం కట్టుకుని ఇంట్లో వాళ్ళను బెదిరించే పిల్లవాడి కథ చదివితే ఎంత నవ్వుతుందో నేను చూశాను. మామిడితోట, గొర్రెల మంద, ఆర్టీసీ బస్సు, మూడు గదుల ఇల్లు, చామనచాయ పిల్లలు, వీటిలో కొన్నయినా పుస్తకాల్లో కనిపించాలి. ప్రతి పుస్తకంలోనూ అమ్మ వంటింట్లో, నాన్న పేపరుతో కూర్చుని ఉంటే, చెట్టెక్కేది ఎప్పుడూ మగపిల్లవాడే అయితే, మీ పాప దాన్ని మాటల్లో చెప్పలేకపోయినా గమనిస్తుంది.

చివరి పేజీలో గడి కట్టి ‘నీతి’ అని అచ్చువేసిన పుస్తకాలను ఈ వయసులో నేను కొనమని చెప్పను. నీతి అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. తాబేలు గెలిచినప్పుడు పిల్ల ముఖంలో కనిపించే వెలుగే దానికి అందవలసిన నీతి. దాన్ని మళ్ళీ ఒక వాక్యంగా మార్చి ఒప్పజెప్పించేసరికి, కథ అంటే ఇదొక పాఠమని, చివర ప్రశ్న ఉంటుందని పిల్లకు అర్థమవుతుంది; తరువాతి కథ వినేటప్పుడు ఆ ప్రశ్న కోసం భయంగా ఎదురుచూస్తుంది.

ఇప్పుడు రెండో రకం, చదివే పుస్తకం. ఇక్కడ కొలతలు పూర్తిగా మారతాయి, ఎందుకంటే ఇక్కడ పిల్ల పోరాడేది లిపితో. తెలుగు లిపిలో ఒక సౌకర్యం ఉంది: రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం. కష్టం మరోచోట ఉంది. ఒక్కొక్క హల్లు గుణింతంతో పది పన్నెండు రూపాలు మారుతుంది, దాని కింద ఒత్తులు చేరతాయి. ద, డ ఒకదానిలా ఒకటి ఉంటాయి. ధ, థ అంతే. వ, మ మధ్య తేడా ఒక్క కొమ్ము. అందువల్ల చాలామంది తల్లిదండ్రులు, కొందరు ఉపాధ్యాయులు కూడా, మొదటి పుస్తకంలో ఒత్తులే ఉండకూడదని వెతుకుతారు. అది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. ఒత్తులు లేకుండా రాస్తే ఆ పుస్తకంలో అమ్మ ఉండదు, నాన్న ఉండడు, అక్క, అన్న, అవ్వ, అత్త ఎవరూ ఉండరు. పిల్లి, కుక్క, బొమ్మ, బువ్వ కూడా పోతాయి. మిగిలేది ‘ఈగ ఊగు, ఆవు ఆగు’ లాంటి వాక్యాలు. వాటిని చదవడం వచ్చినా చదవాలన్న కోరిక పుట్టదు.

ఒత్తుల్లో ఏవి సులువో, ఏవి కష్టమో తెలుసుకుంటే ఎంపిక తేలికవుతుంది. ఒక అక్షరానికి అదే అక్షరం ఒత్తుగా వచ్చే ద్విత్వాక్షరాలు, అంటే అక్క, అవ్వ, మబ్బు, చెట్టు లాంటివి, పిల్లలకు త్వరగా పట్టుబడతాయి. త, న, మ, య, ర, ల అనే ఆరింటి ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు. విచిత్రంగా అమ్మ, నాన్న, అత్త, అయ్య, పిల్లి అన్నీ ఆ గుంపులోనివే. అయినా ఈ మాటలు పిల్లకు ప్రాణమైనవి కాబట్టి, విడదీసి చదవడం రాకముందే మాట మొత్తాన్ని ఒక బొమ్మలా గుర్తుపడుతుంది. కాబట్టి వీటికి భయపడనక్కర్లేదు. అసలు చిక్కు రెండు వేరు వేరు హల్లులు కలిసే సంయుక్తాక్షరాల దగ్గర వస్తుంది. ‘చంద్రుడు’ అన్న మాట చూడండి. కొమ్ము ద మీద కనిపిస్తుంది, కాని పలికేటప్పుడు అది ర తరువాత వస్తుంది. కంటికి కనిపించే వరుస ఒకటి, నోటితో పలికే వరుస ఇంకొకటి. అందుకే పిల్లలు ‘చందురుడు’ అని చదువుతారు. అది అశ్రద్ధ కాదు, ఉన్నది ఉన్నట్టు పైనుంచి కిందికి చదివారు. సూర్యుడు, పుస్తెలు, చక్రి లాంటి మాటలన్నిటా ఇదే ఇబ్బంది. ‘రాష్ట్రం’ లాంటి మూడు హల్లుల సంశ్లేషాక్షరాలు ఇంకా తరువాతివి. మొదటి చదివే పుస్తకంలో ద్విత్వాలు ఎన్ని ఉన్నా ఫరవాలేదు, సంయుక్తాక్షరం పేజీకి ఒకటికి మించకుండా ఉంటే చాలు, అదీ తరువాతి పేజీల్లో తిరిగి వచ్చే మాటే అయితే మేలు.

మాట పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. తెలుగులో ఒక్క క్రియలోనే చాలా సంగతులు ఇమిడిపోతాయి. ‘వెళ్ళలేకపోతోంది’ అన్న ఒక్క మాటలో ఏడు అక్షరాలున్నాయి. చివరి అక్షరానికి వచ్చేసరికి మొదటి అక్షరం పిల్ల మనసులోంచి జారిపోతుంది. కాబట్టి ‘ఈ పుస్తకంలో మొత్తం వంద మాటలే’ అని అట్ట మీద రాసి ఉన్నంత మాత్రాన సులువని అనుకోవద్దు. రెండు నుంచి నాలుగు అక్షరాల మాటలు ఎక్కువగా ఉన్నాయా, ‘రాముడింటికెళ్ళాడు’ అని కలిపేయకుండా ‘రాముడు ఇంటికి వెళ్ళాడు’ అని విడిగా రాశారా అన్నది చూడండి. పేజీకి ఒకటి, మహా అయితే మూడు పంక్తులు. అక్షరం పాప చిటికెన వేలి గోరంత ఉండాలి. పంక్తుల మధ్య ఖాళీ బాగా ఉండాలి, లేకపోతే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులకు తగిలి రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. పంక్తి చివర చోటు చాలక మాటను విరిచి కింది పంక్తిలో వేసిన పుస్తకాలు, రంగు బొమ్మ మీద తెల్ల అక్షరాలు అచ్చువేసినవి, వంకర టింకర అలంకారపు అక్షరాలున్నవి వదిలేయండి. ట్యూబులైటు కింద మెరిసి కళ్ళకు కొట్టే నున్నటి కాగితం కంటే మామూలు కాగితమే నయం.

ఇంటికి తెచ్చాక ఒక పేజీ పాపను చదవనివ్వండి. పంక్తికి ఒక మాట కంటే ఎక్కువ చోట్ల ఆగుతుంటే, నిరుత్సాహపడకుండా ఆ పుస్తకాన్ని వినే పుస్తకాల వరుసలోకి మార్చండి. ఆరు నెలల తరువాత అదే పుస్తకం దానంతట అదే చదివే పుస్తకం అవుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. పుస్తకాల్లో బంగాళాదుంప అని ఉంటుంది, మన ఇళ్ళలో ఉర్లగడ్డ. పుస్తకంలో ఉల్లిపాయ, వేరుశనగ, కొబ్బరికాయ. మన పిలకాయలకు ఎర్రగడ్డ, చెనక్కాయ, టెంకాయ. కొందరు తల్లులు పిల్ల ‘తప్పు మాట’ నేర్చుకుందని కంగారుపడి సరిదిద్దుతారు. దయచేసి అలా చేయకండి. ‘మనం ఉర్లగడ్డ అంటామే, దాన్నే వీళ్ళు బంగాళాదుంప అంటున్నారు’ అని చెబితే పిల్లకు రెండు మాటలు వస్తాయి, ఇంటి మాట మీద చిన్నచూపు కలగదు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు చాలామంది నా తరగతుల్లో ఉండేవారు. తెలుగు పుస్తకం తెరవకముందే ఆ కథను వాళ్ళ భాషలో ఒకసారి చెప్పిస్తే, తరువాత తెలుగులో వింటున్నప్పుడు వాళ్ళు ఎక్కడా తప్పిపోయేవారు కారు. చెన్నైలోని తూలికా ప్రచురణ సంస్థ ఒకే కథను తెలుగు, తమిళం సహా 9 భాషల్లో వేస్తుంది. అలాంటి ఇళ్ళవాళ్ళు ఒకే పుస్తకాన్ని రెండు భాషల్లోనూ కొనుక్కుంటే ఎంతో ఉపయోగం.

దీన్ని బట్టే మీ ఇంగ్లీషు ప్రశ్నకు కూడా జవాబు వస్తుంది. పాప చేరేది ఇంగ్లీషు మీడియం బడి అయినా సరే, ఈ ఏడాది కథ తెలుగులోనే వినాలి. అర్థమైన భాషలో కథ వింటేనే తరువాత ఏమవుతుందో ఊహించడం, కారణం అడగడం, విన్నదాన్ని వరుసగా చెప్పడం అలవాటవుతాయి. ఆ అలవాట్లు ఒక భాషలో వస్తే ఇంకో భాషలోకి కూడా వెంట వస్తాయి. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంత వరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పింది. పెద్ద బొమ్మలు, పేజీకి నాలుగైదు మాటలు ఉన్న ఇంగ్లీషు పుస్తకాలు రెండు కొనండి, వాటిని వినే పుస్తకాలుగా మాత్రమే వాడండి. ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న పుస్తకాలు తల్లిదండ్రులకు నచ్చుతాయి గాని, అవి కొంటే ఒక పూట ఒక భాషే చదవండి. వాక్యం చదివి వెంటనే రెండో భాషలోకి మారుస్తుంటే కథ నడక చెడిపోతుంది, పిల్ల ఏ భాషలోనూ నిలబడదు.

మీ అత్తగారి మాటను నేను గౌరవంతో చూస్తాను. మన వైపు భారతం అంటే పుస్తకంలోది మాత్రమే కాదు. ధర్మరాజుల గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కడం, దుర్యోధనుడి వధ, ఇవన్నీ పల్లెల్లో పిల్లలు తాతల భుజాల మీద కూర్చుని చూసేవి. ఆ కథలు పాపకు తప్పక అందాలి, మీ అత్తగారి నోటితోనే అందాలి. కాని అచ్చులో దొరికే రామాయణ భారతాలు ఈ వయసుకు వినే పుస్తకాలే, చదివే పుస్తకాలు కావు. ధృతరాష్ట్రుడు, ధృష్టద్యుమ్నుడు, విశ్వామిత్రుడు అన్న పేర్లలో ఉన్న సంయుక్తాక్షరాలు చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. మొత్తం కథను ముప్పై పేజీల్లో కుదించిన పుస్తకాల కంటే, హనుమంతుడి చిన్నతనమో, ఉడుత చేసిన సాయమో, ఒక్క ఘట్టాన్నే తీసుకుని బొమ్మలతో చెప్పినవి ఎంచుకోండి. తాతగారు దాచుకున్న పాత చందమామ సంచికలు ఇంట్లో ఉంటే వాటిని పారేయకండి. 1947 నుంచి ఆ పత్రికలో వచ్చిన కథల భాష ఎంతో చక్కనిది, అయితే పాప వాటిని తానే చదువుకోవడానికి ఎనిమిదేళ్ళన్నా రావాలి.

పుస్తకాలు దొరికే చోట్ల గురించి. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు వేసే నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తెలుగులో తక్కువ ధరకే దొరుకుతాయి. వాటిలో ఎక్కువ భాగం వినే పుస్తకాలు. సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ తెలుగు పిల్లల కోసమే పనిచేస్తోంది, చిన్న చిన్న బొమ్మల పుస్తకాలు వాళ్ళ దగ్గర చాలా ఉన్నాయి. బెంగళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు ప్రారంభించారు. అందులో తెలుగు కథల పుస్తకాలను డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు, దించుకుని అచ్చు తీసుకోవచ్చు. అక్కడి పుస్తకాలు నాలుగు స్థాయుల్లో ఉంటాయి: మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 వరకు, మూడోది 1500 వరకు, నాలుగోది అంతకు మించినవి. మీ పాపకు రెండో స్థాయి వినడానికి, మొదటి స్థాయి చదవడానికి సరిపోతాయి. ఒక్క జాగ్రత్త: ఈ స్థాయులు అన్ని భాషలకూ ఒకటే, తెలుగు ఒత్తుల కష్టాన్ని బట్టి పెట్టినవి కావు. కాబట్టి మొదటి స్థాయి పుస్తకాన్ని కూడా పైన చెప్పినట్టు ఒకసారి తిరగేసి చూసుకోండి. ఫోనులో చూపించడం కంటే అచ్చు తీసి మధ్యలో రెండు పిన్నులు కొట్టి ఇవ్వడం మంచిది. వీడియో కథల్లో పేజీ తనంతట తాను తిరిగిపోతుంది. కాగితం పుస్తకంలో ‘ఆగమ్మా, ఆ కాకి ఏం చూస్తోంది?’ అని పిల్ల ఆపగలదు.

గ్రంథాలయాన్ని కూడా మరిచిపోవద్దు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది, అంటే ఆ పుస్తకాలు మన డబ్బుతో కొన్నవే. పిల్లల విభాగం ఎలా ఉందో ఒకసారి పాపను వెంటబెట్టుకుని వెళ్ళి చూడండి. కావలసిన పుస్తకాలు లేకపోతే తెప్పించమని రాసి ఇవ్వండి. ఇంటికి తెచ్చి చదివి, పాప మళ్ళీ మళ్ళీ అడిగినవాటినే కొనుక్కుంటే డబ్బు వృథా కాదు.

సెట్లు ఇకపై కొనకండి. విడి పుస్తకాలు ఆరు చాలు, నాలుగు వినేవి, రెండు చదివేవి. నేను పైన చెప్పిన కొలతలతో మీరు మూడింటిని ఎంచి పాప ముందు పెట్టి, అందులో ఒకదాన్ని తనను తీసుకోమనండి. తాను ఎంచుకున్న పుస్తకం మీద పిల్లకు ఉండే మమకారం వేరు. ఇంట్లో వాటిని బీరువాలో దాచకుండా పాప చేతికి అందే ఎత్తులో, అట్ట ముఖం కనిపించేలా నిలబెట్టండి. చిరిగితే అతికించుకోవచ్చు.

ఇక మీ చివరి ప్రశ్న, పాప ఎప్పటికి చదువుతుంది అని. జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఉన్న కాలాన్ని ఒకే పునాది దశగా లెక్కగట్టింది. 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవగలగడానికి మూడో తరగతి చివరిని గడువుగా పెట్టుకుంది. అంటే మీ చేతిలో ఇంకా దాదాపు మూడేళ్ళ సమయం ఉంది, దీపావళికల్లా చదవాలని తొందరపడే పని లేదు. నా తరగతుల్లో కొందరు ఒకటో తరగతి సంక్రాంతికి చదివేవారు, కొందరికి రెండో తరగతి సగం గడిచేది, ఐదో తరగతికి వచ్చేసరికి వాళ్ళలో ఎవరు ముందో ఎవరు వెనకో నేను చెప్పలేకపోయేదాన్ని. పుస్తకాన్ని ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుని చూస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా కంటి వైద్యులకు చూపించండి. మిగిలిన రోజుల్లో రాత్రి అన్నాలయ్యాక పావుగంట, పంక్తి కింద మీ వేలు మెల్లగా జరుపుతూ చదవండి. ఏదో ఒక రాత్రి, పదిసార్లు విన్న పుస్తకంలో, తిరిగి తిరిగి వచ్చే ఆ మాట దగ్గర మీరు ఒక్క క్షణం ఆగితే, మీ వేలి కింద ఉన్న మాటను చూస్తూ పాపే చెబుతుంది. మీరేమీ అనకుండా తరువాతి పేజీ తిప్పండి.